టేకు దర్వాజ మీద వాటర్ పీయూ: గుంటలు పడ్డయి, తెల్లపొర వచ్చింది. ఇంకేం కలపాలె?

రందా_హాలియా | ఆదివారం రాత్రి 9:12

అన్నలకు నమస్తే. హాలియా దగ్గర ఒక కొత్త ఇంటి పెద్ద దర్వాజకు వాటర్ పీయూ (నీళ్లతోని వచ్చే పాలీయురేథేన్ పాలిష్) కొడుతున్న. నాటు టేకు, క్లియర్ కోటు. ఇంట్ల చిన్న పిల్లలున్నరు, థిన్నర్ వాసన వద్దన్నడు ఇంటాయన. అందుకే వాటర్‌ది తెచ్చిన.

మొదటి కోటు మంచిగనే కూసున్నది. రెండో కోటు కొట్టంగనే గుంటలు. ఆవగింజంతవి కొన్ని, శనగగింజంతవి కొన్ని. నడుమ కట్టె కనబడుతది, చుట్టూ గట్టు కట్టినట్టుంటది. దుకాణంల అడిగితే "లెవలింగ్" అని చిన్న సీసా ఇచ్చిండు. కలిపిన. గుంటలు జర తగ్గినయి గాని నురుగు లేచింది. మళ్ల పోతే నురుగు మందు ఇచ్చిండు. అదీ కలిపిన. నురుగు పోయింది, గుంటలు రెండింతలైనయి!

ఇగ చేతులాడక చిక్కగైందని బ్యూటైల్ గ్లైకాల్ అనే ద్రావకం పోసిన, వెంటనే బోరు నీళ్లు పోసిన. పాలు విరిగినట్టు విరిగింది. 4 లీటర్ల డబ్బా మట్టిపాలు. పైనుంచి శనివారం వాన జల్లు కొడితే దర్వాజ కింది పలక తెల్లగ మబ్బు పట్టింది. ఇంటాయన మాట్లాడుతలేడు, ఊకె దర్వాజ దిక్కు చూస్తున్నడు. ఇప్పుడు ఏం కలిపితే సుదురాయిస్తది?

పాతపాలిష్_పాలమూరు | ఆదివారం రాత్రి 9:40

తమ్మీ, ఏం కలపకు. కలిపే చెడగొట్టినవ్. నేను ముప్పై ఏండ్ల సంది లక్క పాలిష్, మెలమైన్ కొడుతున్న. నీళ్లకూ కట్టెకూ పుట్టు పగ. కట్టెకు నీళ్లు తగిలితే నూగు లేస్తది, చేత్తోని రాస్తే పిల్లి నాలిక లెక్క గరుకు. థిన్నర్ సరుకు తెచ్చి కొట్టు, పొద్దుగూకె లోపట పనైపోతది.

చౌటుప్పల్_ల్యాబ్ | ఆదివారం రాత్రి 10:25

కాకా, నూగు లేస్తుంది నిజమే. మొదటి కోటు ఆరినాక 320 నంబర్ ఎమిరీ పేపర్ తేలికగా తిప్పితే పోతుంది. దానికి సరుకునే పారేయక్కరలేదు.

నేను పెయింట్ యూనిట్లో క్వాలిటీ టెస్టింగ్ చూస్తాను, రోజూ ఇదే గొడవ. రందా తమ్ముడూ, మూడు సంగతులు చెప్పు. లెవలింగ్ సీసా ఎంత పోశావు? నురుగు మందు పోసినాక ఎంతసేపు ఆగావు? ఆ సరుకు ఎప్పుడైనా గాజు పలక మీద రాసి చూశావా?

రందా_హాలియా | ఆదివారం రాత్రి 10:41

చాయ గిలాసతోని పోసిన అక్కా. ఒక గిలాస లెవలింగ్, అర గిలాస నురుగు మందు. ఆగుడు ఎక్కడిది, డ్రిల్లు మిషన్‌కు కడ్డీ పెట్టి తిప్పి వెంటనే కొట్టిన. గాజు మీద రాయలే.

చౌటుప్పల్_ల్యాబ్ | ఆదివారం రాత్రి 11:18

అయ్యో, చాయ గిలాసనా! అది దగ్గర దగ్గర 80 ఎం.ఎల్. పడుతుంది. 4 లీటర్లలో 80 అంటే 2 శాతం. ఆ సీసాలో ఉండేది సాధారణంగా సిలికోన్ జాతి వెట్టింగ్ ఏజెంట్. వాడాల్సింది 0.2, 0.3 శాతం. అంటే నీ డబ్బాకు 8 నుంచి 12 ఎం.ఎల్. ఇంజక్షన్ సిరంజితో కొలిచే సరుకు అది. ఏడు నుంచి పది రెట్లు పోశావు.

నీకు ఎందుకు అట్లా అయిందో చెబుతా, కొంచెం ఓపికగా చదువు.

వాటర్ పీయూ అంటే పీయూ నీళ్లలో కరిగి ఉండదు. కంటికి కనబడని సన్న గుండ్లుగా నీళ్లలో తేలుతుంటుంది, అందుకే డబ్బాలో పాల లెక్క కనబడుతుంది. నీళ్లు ఆరిపోతుంటే గుండ్లు ఒకదాని మీద ఒకటి ఒత్తుకొని, మెత్తబడి, అతుక్కొని పొర అవుతాయి. థిన్నర్ సరుకులో ఈ తతంగం లేదు, కరిగినది ఆరుతుంది అంతే. వాటర్‌దాంట్లో అన్ని మందులు పడేది దీనికే.

నీళ్లకు తలతన్యత ఎక్కువ, ముద్దగా ఉండాలని చూస్తాయి తప్ప పరుచుకోవు. టేకులో సహజంగానే నూనె ఉంటుంది. తామరాకు మీద నీటిబొట్టు కథే. వెట్టింగ్ ఏజెంట్ ఆ తన్యత తగ్గిస్తుంది, సరుకు కట్టె మీద పరుచుకుంటుంది. అయితే తన్యత తగ్గించే మందులు చాలావరకు సబ్బు జాతివే. సబ్బు నురుగు కడుతుంది. పొర ఆరినాక కూడా ఆ సబ్బు అందులోనే ఉండిపోతుంది, ఎక్కడికీ పోదు. వాన జల్లు పడితే నీళ్లను లోపలికి పిలిచేది అదే. నీ కింది పలక మబ్బు పట్టడానికి మొదటి అనుమానం నాకు దాని మీదే.

ఇక నురుగు మందు. అది సరుకులో పూర్తిగా కలిసిపోతే పని చేయదు. కొంచెం కలవనట్టు ఉండాలి, సన్న నూనె బొట్టులా బుడగ గోడలో దూరి దాన్ని పగలగొట్టాలి. అదే బొట్టు కట్టె మీద పెద్దగా మిగిలితే చుట్టూ ఉన్న సరుకును తోసేస్తుంది. అదే నీ గుంట. సిలికోన్ రకాలతో ఈ బాధ ఇంకా ఎక్కువ. కలిపినాక ఒక రాత్రి ఆగాలి, లోపలికి సర్దుకోవాలి. అట్లని డ్రిల్లుతో గంటలు గంటలు తిప్పినా బొట్టు మరీ సన్నబడి పనికి రాకుండా పోతుంది.

నీ వరస చూడు. తన్యత కోసం సబ్బు, సబ్బుకు నురుగు, నురుగుకు నూనె, నూనెకు గుంట. తిరిగి మొదటికే.

వనపర్తి_ఎమ్మెస్సీ | సోమవారం ఉదయం 6:50

మేడమ్ చెప్పినదానికి అంకెలు కలుపుతున్నా. నీటి తలతన్యత 25 డిగ్రీల దగ్గర 72 మిల్లీన్యూటన్లు, మీటరుకు. థిన్నర్లో ఉండే జైలీన్‌ది 30 లోపే. ఆ తేడాకే వాటర్ సరుకులో ఇన్ని మందులు.

విరగడం గురించి నాకో అనుమానం. అన్న బోరు నీళ్లు పోసిండు. ఈ గుండ్ల మీద రుణావేశం ఉంటుంది, ఒకదాన్నొకటి తోసుకుంటూ తేలుతుంటాయి. గట్టి నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఉంటాయి, రెండూ రెండేసి ధనావేశాలవి. అవి పోయి రుణావేశాన్ని చంపేస్తే గుండ్లు కుప్ప పడతాయి. పాలల్ల నిమ్మకాయ పిండినట్టే.

మిర్యాల_గేట్లు | సోమవారం ఉదయం 8:15

మన నల్లగొండ నీళ్లల్ల ఫ్లోరిన్ ఉంటది గద తమ్మీ. దాంతోనే విరిగి ఉంటది. మా తాతకు ఎముకలే వంచింది, పెయింట్ ఎంత?

వనపర్తి_ఎమ్మెస్సీ | సోమవారం ఉదయం 8:52

లేదన్నా, ఇక్కడ ఫ్లోరైడ్ తప్పు లేదు. అది ఒక్క రుణావేశం ఉన్నది, గుండ్లు కూడా రుణమే, వాటి జోలికి పోదు. ఇంకో విచిత్రం, ఫ్లోరైడ్ బాగా ఉన్న నీళ్లల్ల చాలాసార్లు కాల్షియం తక్కువ ఉంటుంది. రెండూ కలిస్తే కాల్షియం ఫ్లోరైడ్ అయి అడుక్కి దిగిపోతుంది కాబట్టి. తాగే నీళ్లకు ఫ్లోరైడ్ హద్దు లీటరుకు 1 మిల్లీగ్రాము, వేరే దిక్కు లేకుంటే 1.5 దాకా; కాఠిన్యానికి, అంటే నీళ్ల గట్టిదనానికి 200, వేరే దిక్కు లేకుంటే 600 దాకా ఒప్పుకుంటారు. పెయింట్‌కు చూడాల్సింది ఈ రెండోది.

ఫ్లోరైడ్ తీసే పద్ధతికి మీ జిల్లా పేరే పెట్టిన్రు, నల్లగొండ టెక్నిక్ అని. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ వేసి తేర్చుడు. నాగపూర్‌లో ఉన్న నీరి అనే జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ వాళ్లు తయారు చేసింది. అట్లా తేర్చిన నీళ్లు కూడా పెయింట్‌లో పోయకండి, పటికలో అల్యూమినియం ఉంటుంది, అది మూడు ధనావేశాలది. కాల్షియం కంటే ఘోరం.

చౌటుప్పల్_ల్యాబ్ | సోమవారం మధ్యాహ్నం 1:30

భోజనం టైములో రాస్తున్నా. తమ్ముడి లెక్క సరే గాని, నాకు బోరు నీళ్ల కంటే బ్యూటైల్ గ్లైకాల్ మీద అనుమానం ఎక్కువ.

ఆ ద్రావకం ఎందుకు వేస్తారంటే, గుండ్లు మెత్తబడి అతుక్కోవడానికి. ప్రతి సరుకుకూ ఇంత వేడి కంటే తగ్గితే పొర కట్టదు అని ఒక కనిష్ఠ ఉష్ణోగ్రత ఉంటుంది. ద్రావకం ఆ గీతను కిందికి దించుతుంది. నీళ్లు 100 డిగ్రీల దగ్గర మరుగుతాయి, ఇది 171 దగ్గర. నీళ్లు పోయినాక కూడా కొంతసేపు ఉండి అతికిస్తుంది. బాగానే ఉంది. కానీ పచ్చిగా, ధారగా, ఒక్క చోట పోస్తే ఆ చోట ఉన్న గుండ్లు ఉబ్బి గడ్డ కడతాయి. సగం నీళ్లు సగం ద్రావకం ముందే వేరే గిన్నెలో కలుపుకొని, తిప్పుతూ సన్న ధారగా పోయాలి. నువ్వు పచ్చిది పోశావు కదా?

ఇంకోటి. చిక్కదనం కోసం కంపెనీవాళ్లు యురేథేన్ జాతి థిక్కెనర్ వేస్తారు. అది గుండ్లను దారాలతో కట్టినట్టు పట్టుకుంటుంది. బ్యూటైల్ గ్లైకాల్, సబ్బు ఎక్కువైతే ఆ ముడులు ఊడిపోతాయి, సరుకు నీళ్లలా జారుతుంది. నిలువు దర్వాజ మీద కారిపోతుంది. ద్రావకం ఎక్కువైన పొర వారం రోజులైనా గోరు దిగబడేంత మెత్తగానే ఉంటుంది. చేతికి గ్లౌజులు వేసుకో, అది చర్మంలోంచి ఒంట్లోకి పోతుంది.

బోరు తప్పా ద్రావకం తప్పా అని మనం ఇక్కడ వాదించుకునుడెందుకు. నాలుగు చిన్న గ్లాసుల్లో కొత్త సరుకు పోసి చూడు.

మిర్యాల_గేట్లు | సోమవారం సాయంత్రం 6:05

మెలమైన్ హార్డ్‌నర్ ఉంటే దాంట్ల రెండు మూతలు పొయ్యొచ్చా? గట్టిపడుతది గద.

చౌటుప్పల్_ల్యాబ్ | సోమవారం సాయంత్రం 6:32

అసలే వద్దన్నా. మెలమైన్ హార్డ్‌నర్ ఆమ్లం. ఈ సరుకు 8 చుట్టుపక్కల పీహెచ్ ఉంటేనే నిలబడుతుంది, ఆమ్లం పడితే నిమిషంలో పెరుగు. థిన్నర్ పీయూ హార్డ్‌నరూ పనికిరాదు, నీళ్లలో కలవదు. వాటర్ పీయూకు రెండో డబ్బాతో వచ్చే హార్డ్‌నర్ వేరు, నీళ్లలో చెదిరేటట్టు మార్చిన ఐసోసైనేట్ అనే రసాయనం.

మిర్యాల_గేట్లు | సోమవారం రాత్రి 7:48

ఆ రెండు డబ్బాలది నేను ఒకసారి కొట్టిన. మిగిలింది రేపటికి పనికొస్తదని మూత గట్టిగ బిగించి పెట్టిన. పొద్దుగాల చూస్తే డబ్బా బొర్ర లెక్క ఉబ్బింది. మూతకు స్క్రూడ్రైవర్ పెట్టంగనే టప్పుమని లేచి రేకుకు తగిలింది. నా మీసాలకు పడ్డ పెయింట్ వారం పోలే. ఎందుకట్లయింది?

వనపర్తి_ఎమ్మెస్సీ | సోమవారం రాత్రి 8:20

ఐసోసైనేట్ నీళ్లతో కలిస్తే కార్బన్ డయాక్సైడ్ వస్తుందన్నా. సోడా సీసా తయారు చేసినవ్ నువ్వు.

చౌటుప్పల్_ల్యాబ్ | సోమవారం రాత్రి 8:44

నవ్వొచ్చింది గాని, మరునాడు దాన్ని వాడలేదు కదా? థిన్నర్ పీయూ కలిపి పెడితే చిక్కబడి, అయిపోయింది అని అదే చెబుతుంది. వాటర్ పీయూ చాలాసార్లు చెప్పదు. డబ్బా మీద రాసిన రెండో మూడో గంటలు దాటినా చూడ్డానికి పల్చగా మంచిగానే ఉంటుంది. కొడితే మెరుపు తగ్గుతుంది, గట్టిదనం రాదు. కాబట్టి గడియారం చూసి కొట్టాలి, చిక్కదనం చూసి కాదు. స్ప్రే చేసేటప్పుడు ఆ హార్డ్‌నర్ పొగ ఊపిరితిత్తులకు పడితే ఉబ్బసం పట్టుకోవచ్చు, తువ్వాల కట్టుకుంటే ఆగదు, సరైన మాస్కు కావాలి.

వేదిక_కాపలా | సోమవారం రాత్రి 9:00

కంపెనీ పేర్లు, దుకాణాల పేర్లు ఎవరూ రాయొద్దని మనవి. ఇద్దరి పోస్టుల్లోంచి తీసేసిన.

సూర్యాపేట_కొత్తిల్లు | మంగళవారం ఉదయం 7:30

నేను మేస్త్రిని కాదు, ఇల్లుగలాయనను. మా దర్వాజ పడమటి ముఖం. మేలో మధ్యాహ్నం మూడు గంటలకు చెయ్యి పెడితే కాలుతది. రెండేండ్లకే పొర పేలి పొరలు పొరలుగ ఊడింది, కింద కట్టె బూడిద రంగు. ఎండకు ఆగే మందు ఏదన్న సీసాల దొరుకుతదా, మేస్త్రికి ఇస్త?

చౌటుప్పల్_ల్యాబ్ | మంగళవారం మధ్యాహ్నం 1:15

సీసా కొనకండి సార్. ఎండ మందులు రెండు రకాలు. ఒకటి అతినీలలోహిత కిరణాలను మధ్యలోనే మింగుతుంది. ఇంకోటి కిరణాలను ఆపదు, పొర విరిగేటప్పుడు పుట్టే చెడ్డ ముక్కలను పట్టుకుంటుంది. రెండూ జతగా ఉంటేనే బయటి దర్వాజకు లాభం, అవి ఫ్యాక్టరీలోనే సరిగ్గా చెదరగొట్టి కలపాల్సినవి. మీ మేస్త్రి గరిటెతో తిప్పితే పైన తేలుతాయి.

మింగే మందుకు మందం కావాలి. ఒక్క పల్చటి కోటులో ఎంత మంచి మందున్నా కొంత ఎండ కట్టెదాకా పోతుంది. కట్టెలో లిగ్నిన్ అని ఉంటుంది, ఎండకు పాడయ్యేది ముందు అదే. పొర చెడకముందే దాని కింద నేల జారిపోయినట్టు. మీ బూడిద రంగు అదే. కొనేటప్పుడు డబ్బా మీద "ఎక్స్‌టీరియర్" అని ఉందా, అలిఫాటిక్ రకమా అని అడగండి. ఆరోమాటిక్ అయితే ఎండకు పసుపురంగు తేలుతుంది, ఇంట్లో ఫ్లోరింగ్‌కు సరే, మీ పడమటి ముఖానికి కాదు. నిజం చెప్పాలంటే, మూరెడు పందిరి రేకు దింపితే ఈ మందులన్నిటికంటే ఎక్కువ పని చేస్తుంది.

రందా_హాలియా | బుధవారం రాత్రి 9:55

అక్కా, కొత్తది ఒక లీటర్ తెచ్చి నాలుగు గ్లాసులు పెట్టిన. నా బిడ్డ నాలుగింటికి చిట్టీలు అంటించింది.

బోరు నీళ్ల గ్లాసు: వెంటనే ఏం కాలే. పొద్దుగాల చూస్తే అడుగున రవ్వంత రవ్వ. ఫిల్టర్ నీళ్ల డబ్బా నీళ్లది: మంచిగున్నది. పచ్చి బ్యూటైల్ గ్లైకాల్ పోసింది: పోసిన జాగలనే సగ్గుబియ్యం లెక్క గింజలు కట్టింది, చూస్తుండంగనే. నీళ్లల్ల కలిపి సన్నగ పోసింది: ఏం కాలే. అంటే ఇద్దరూ దొంగలే, పెద్ద దొంగ నేను పోసిన ధార.

గాజు మీద కూడ రాసిన. కొత్త సరుకు, ఏం కలపనిది: గాజు మీద నున్నగున్నది. అదే సరుకు టేకు ముక్క మీద రాస్తే రెండు గుంటలు. నా పాత సరుకు జాలితో వడగట్టి రాస్తే గాజు మీదనే ఇరవై దాక లెక్కపెట్టిన.

చౌటుప్పల్_ల్యాబ్ | బుధవారం రాత్రి 10:20

అదీ పరీక్షంటే! గాజు మీద గుంట పడితే తప్పు సరుకులో ఉన్నట్టు. గాజు మీద రాకుండా కట్టె మీద వస్తే తప్పు కట్టె మీద. నీ కొత్త సరుకు శుద్ధంగా ఉంది. మొదట నీ రెండో కోటుకు గుంటలు తెచ్చింది కట్టె నూనో, చేతి నూనో. కోటుకూ కోటుకూ మధ్య రుద్దినాక ఏ బట్టతో తుడిచావు?

రందా_హాలియా | బుధవారం రాత్రి 10:31

బండి తుడిచే బట్ట... డ్యాష్‌బోర్డ్ పాలిష్ బట్ట అక్కా. అది సిలికోన్ గద? అబ్బా.

పాతపాలిష్_పాలమూరు | గురువారం ఉదయం 5:40

దొరికిండు దొంగ.

తమ్మీ, ఇగ ఒక పాత ఉపాయం చెప్తా, ఈ మాట ల్యాబుల కూడ ఒప్పుకుంటరనుకుంటున్న. సిలికోన్ పట్టిన కట్టెను ఎంత గీకినా వదలదు. 220 నంబర్ ఎమిరీ పేపర్‌తోని రుద్ది, శుభ్రమైన నూలు బట్ట స్పిరిట్‌ల ముంచి తుడువు, ప్రతి తుడుపుకు బట్ట మార్చు, లేకుంటే ఇక్కడి నూనె అక్కడ పూసుడే. మీదికెల్లి లక్క ఒక పల్చటి చెయ్యి కొట్టు. లక్క దేనికైనా అంటుతది, దాని మీద ఏదైనా అంటుతది. కాని దుకాణంల లక్కల మైనం ఉంటది, మైనం మీద పీయూ పట్టది. లక్క స్పిరిట్‌ల నానబెట్టి రెండు మూడు దినాలు సీసా కదపకు. మబ్బంతా అడుక్కి దిగుతది, పైన తేనె రంగు నీరు తేరుతది. ఆ పైదే వంపుకో. సీసా మరీ వంచకు, మబ్బు లేస్తది.

చౌటుప్పల్_ల్యాబ్ | గురువారం మధ్యాహ్నం 1:05

కాకా, ఒప్పుకుంటున్నా. మైనం తీసిన లక్క మధ్యలో అడ్డుగోడలా పనికొస్తుంది. ఒక్క మాట, లక్క నీళ్లకు ఆగదు. దర్వాజ వాన జల్లుకు ఎదురుగా ఉంది కాబట్టి చాలా పల్చగా, ఒక్కటే చెయ్యి, కింది అంచూ తాళం రంధ్రం పీయూతో పూర్తిగా మూయాలి. ఆ అంచును అందరూ మరిచిపోతారు, నీళ్లు ఎక్కేది అక్కడినుంచే.

తమ్ముడూ, మూడు పల్చటి కోట్లు. మధ్యాహ్నం కొట్టకు, పైన తోలు కట్టి లోపల బుడగ ఇరుక్కుంటుంది. వారం దాకా తడి బట్టతో తుడవొద్దని ఇంటాయనకు చెప్పు. డబ్బా అడుగున మ్యాటింగ్ సిలికా (మెరుపు తగ్గించే పొడి) పేరుకొని ఉంటుంది, కర్రతో అడుగు నుంచి నెమ్మదిగా లేపు, డ్రిల్లు పెట్టకు.

రందా_హాలియా | తర్వాతి శుక్రవారం రాత్రి 8:10

అయిపోయింది. పొద్దుగాల ఆరున్నరకే కొట్టిన, ఎండ దర్వాజ మీదికి రాకముందే. లక్క కాక చెప్పినట్టు మూడు దినాలు తేర్చిన. డబ్బాల ఏం కలపలే, ఫిల్టర్ నీళ్లు 100 ఎం.ఎల్. తప్ప. దర్వాజ దింపి కింది అంచు కూడ కొట్టిన.

మొత్తం మీద ఒక్కటే గుంట, గొళ్లెం పక్కన. దాని మీద ఇత్తడి పట్టీ వస్తది. పోయిన డబ్బా పైసలు నేనే పెట్టుకున్న. ఇంటాయన చాయ పోయించిండు. ఖాళీ గిలాస చేతిల తిప్పి చూసుకున్న, 80 ఎం.ఎల్. కాదు అక్కా, కొలిస్తే 90 పట్టింది.